సెల్ఫ్ తిరుగుతుంది, బండి మాత్రం అందుకోదు: పంపు కరెంటు ట్రబుల్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ మొత్తం ఒక్క రకం ట్రబుల్ గురించే. కీ తిప్పితే సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, బ్యాటరీ బాగుంది, టాంకులో పెట్రోలు ఉంది, అయినా ఇంజన్ అందుకోదు. ఇలగ అయినప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ షెడ్డుకెళ్ళినా ముందు వినిపించే మాట "పంపు పోయిందండీ, మార్చీయాలి" అని. పంపు అంటే టాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు తోసే కరెంటు మోటారు. పంపు నిజంగానే పోయిన బళ్ళు ఉంటాయి, కాదనను, కానీ పంపు దాకా కరెంటే రాక ఆగిపోయిన బళ్ళు కూడా బోల్డన్ని ఉంటాయి, వాటికి కొత్త పంపు వేసినా మళ్ళీ అదే కథ, వేలల్లో డబ్బు మాత్రం పోతుంది. అందుకని ఏదైనా విప్పే ముందు, ఏదైనా కొనే ముందు, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోయిందో చూడండి. ఎలగ చూడాలో కింద ఉంది.

సెల్ఫ్ తిరగట్లేదు, టక్ టక్ అని మాత్రం అంటుంది. ఇదీ పంపు ట్రబులేనా?

కాదు. అది బ్యాటరీ, టెర్మినల్, లేపోతే సెల్ఫ్ మోటారు. బ్యాటరీ మీద మల్టీమీటర్ (ఓల్టులు కొలిచే మీటర్) పెడితే బండి ఆపున్నప్పుడు 12.6 ఓల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూసుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, సెల్ఫ్ ఏదోలా తిరుగుతున్నా ఓల్టేజ్ బాగా పడిపోతే ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, సరిగ్గా పనిచెయ్యదు, స్పార్కు రాదు, ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకోవు, చూసేవాళ్ళకి అచ్చం పంపు పోయినట్టే ఉంటుంది. నీరసంగా తిరిగే సెల్ఫ్‌తో కింద చెప్పిన టెస్టులేవీ చెయ్యకండి, రిజల్టు నమ్మడానికుండదు.

కీ ఆన్ చేస్తే వెనకాల సీటు కింద నుంచి సౌండ్ రావాలంటారు, అదేటి?

ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో నడిచే) పెట్రోలు బళ్ళలో దాదాపు అన్నిటికీ పంపు టాంకులోనే ఉంటుంది. కీ ఆన్ పొజిషన్‌కి తిప్పగానే, సెల్ఫ్ కొట్టకముందే, ఈసీఎం రెండు మూడు సెకన్లు పంపుని నడిపి లైన్లో ప్రెషర్ నింపుతుంది, ఆ తర్వాత ఇంజన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే మళ్ళీ నడుపుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజన్ ఆగిపోతే పెట్రోలు కారిపోకుండా ఆ ఏర్పాటు. కాబట్టి ఏసీ, మ్యూజిక్ అన్నీ ఆపీసి, అద్దాలు ఎత్తి, ఒకళ్ళు వెనక సీటు దగ్గర చెవి పెట్టి, ఒకళ్ళు కీ తిప్పితే "జూయ్" మని సన్నటి సౌండ్ వినిపించాలి. ఏడు రోడ్ల జంక్షన్ లాంటి చోట అయితే ఆ రొదలో వినపడదు, అప్పుడు పెట్రోలు పోసే మూత తీసి అక్కడ చెవి పెట్టండి, కొంచెం నయం. కొన్ని కొత్త బళ్ళు డ్రైవర్ డోరు తియ్యగానే పంపుని ఓసారి నడిపేస్తాయి, వాటిల్లో కీ తిప్పినప్పుడు సౌండ్ రాలేదని కంగారు పడొద్దు.

సౌండ్ వచ్చిందంటే ఫ్యూజు, రిలే (ఈసీఎం చెప్పినప్పుడు పంపుకి కరెంటు కలిపే స్విచ్చు), పంపు వైరు దాదాపు బాగున్నట్టే లెక్క. రాలేదంటే ట్రబుల్ ఆ దారిలోనే ఉంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగం దారి తేల్చీసే టెస్టు ఇది.

మీటర్ బోర్డు చూసి ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది, చాలామంది అసలు అటు చూడరు. మూడు చూడండి.

కీ ఆన్ చెయ్యగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి. వెలగలేదంటే ఈసీఎంకే కరెంటు అందట్లేదని అనుమానించాలి, మెయిన్ రిలే గాని దాని ఫ్యూజు గాని పోయుంటుంది, అప్పుడు పంపు, స్పార్కు, ఇంజెక్టర్లు అన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. సెకండ్ హ్యాండులో కొన్న బండైతే ఆ లైటు ఇదివరకు వెలిగేదా లేదా గుర్తు తెచ్చుకోండి, ఎందుకంటే ఫాల్టు దాచడానికి బల్బు పీకేసినవాళ్ళు కూడా ఉంటారు.

రెండోది తాళం గుర్తో, కారు గుర్తు మీద తాళమో ఉన్న లైటు. అది గబగబా కొట్టుకుంటుంటే ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో బండి స్టార్ట్ అవ్వకుండా ఆపే ఏర్పాటు) మీ తాళాన్ని గుర్తుపట్టట్లేదు. చాలా బళ్ళలో ఇమ్మొబిలైజర్ ఆపినా సెల్ఫ్ మాత్రం తిరుగుతుంది, పెట్రోలు ఇవ్వదంతే. ఇంట్లో ఉన్న రెండో తాళం తెచ్చి చూడండి, గుత్తిలో ఇంకో చిప్ తాళం ఉంటే అది తీసీసి చూడండి. రిమోట్‌లో బ్యాటరీ అయిపోవడానికీ దీనికీ సంబంధం లేదు, మామూలు తిప్పే తాళాల్లో చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు.

మూడోది ఆర్పీఎం ముల్లు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది కొంచెం, ఒక 200, 300 దాకా, లేవాలి. అస్సలు కదలకుండా పడుకుని ఉంటే క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే సెన్సార్) సిగ్నల్ రావట్లేదేమో చూడాలి, ఆ సిగ్నల్ లేకపోతే ఇంజన్ తిరుగుతుందని ఈసీఎంకి తెలియదు, పంపూ నడపదు, స్పార్కూ ఇవ్వదు. కొన్ని బళ్ళలో అంతా బాగున్నా ముల్లు కదలదు, అలాంటప్పుడు స్కానర్ (ఈసీఎంలో ఉన్నది చదివి చూపించే మిషను) పెట్టి లైవ్ డేటాలో ఆర్పీఎం చూస్తే తేలిపోతుంది.

ఫ్యూజు పైకి బాగానే కనిపిస్తుంది, ఇంకా చూడాలా?

చూడాలి. కళ్ళతో చూసి ఫ్యూజు బాగుందనుకోవడం సగం బళ్ళని తప్పుదారి పట్టిస్తుంది. ఫ్యూజు పైన రెండు చిన్న మెటల్ చుక్కలు ఉంటాయి, టెస్ట్ లాంప్ (ఒకవైపు క్లిప్పు, ఒకవైపు మొన ఉన్న చిన్న బల్బు) క్లిప్పు ఎర్త్‌కి పెట్టి, కీ ఆన్ చేసి, మొనతో రెండు చుక్కలూ ముట్టించండి, రెండు వైపులా వెలిగితే ఫ్యూజు ఓకే, ఒకవైపే వెలిగితే పోయింది, రెండు వైపులా వెలగకపోతే ఫ్యూజు దాకానే కరెంటు రావట్లేదు. కొన్నిటికి ఆ కరెంటు రిలే తర్వాత నుంచి వస్తుంది, అలాంటిది రెండు మూడు సెకన్లే వెలుగుతుంది, కాబట్టి ముందు మొన పెట్టి తర్వాత కీ తిప్పించండి.

ఏ ఫ్యూజు అన్నది బాక్సు మూత వెనక బొమ్మ ఉంటుంది. ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 యాంపియర్లు, ఏ కంపెనీ బండైనా ఈ రంగులు ఒకటే. పోయిన ఫ్యూజు మార్చితే మళ్ళీ కాలిపోతుంటే పెద్దది వెయ్యకండి, సిగరెట్ పెట్టెలో రేకు చుట్టకండి. వైరు ఎక్కడో బాడీకి తగులుతుంది, లేపోతే పంపు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ వైరు వెళ్ళేది పెట్రోలు టాంకు మీదకి, ఈ ఒక్క విషయంలో దయచేసి మొండితనం వద్దు.

రిలే పోయిందని ఎలగ తెలుస్తుంది? పక్క రిలే తీసి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, రోడ్డు మీద అన్నిటికన్నా తొందరగా తేల్చే పద్ధతి అదే. చాలా బళ్ళలో హారన్ రిలే, పంపు రిలే ఒకటే రకం ఉంటాయి, పైన రాసిన నంబరూ, కాళ్ళ అమరికా ఒకటేనా చూసి మార్చండి, హారన్ మోగుతున్న రిలే పంపుకి పెడితే బండి అందుకుందంటే పనైపోయింది, కొత్త రిలే వందల్లో వచ్చేస్తుంది. కొన్ని కొత్త బళ్ళలో రిలే విడిగా ఉండదు, బోర్డులోనే సోల్డరింగ్ చేసి ఉంటుంది, వాటికి ఈ ఉపాయం పనికిరాదు.

రిలే మార్చినా నడవకపోతే సాకెట్ చూడాలి. మామూలు రిలేకి నాలుగు కాళ్ళు: 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, 87 అంటే పంపుకి వెళ్ళేది, 85, 86 రెండూ లోపలి కాయిల్‌వి. జపాన్ రకం రిలేల మీద ఈ నంబర్లు ఉండకపోవచ్చు, పక్కన గీసిన బొమ్మ చూసుకోవాలి. సాకెట్లో 30 దగ్గర లాంప్ వెలగాలి. తర్వాత 85కీ 86కీ మధ్య మల్టీమీటర్ పెట్టి కీ ఆన్ చేస్తే రెండు మూడు సెకన్లు 12 ఓల్టులు రావాలి. వచ్చిందంటే ఈసీఎం తన పని తను చేస్తుంది, ట్రబుల్ రిలే తర్వాత ఉంది. రాలేదంటే ఇమ్మొబిలైజర్, మెయిన్ రిలే, ఈసీఎం వైపు వెళ్ళాలి.

ఈ 85, 86 మధ్య మాత్రం బల్బు లాంప్ పెట్టకండి, మల్టీమీటర్ గాని ఎల్ఈడీ లాంప్ గాని వాడండి. రిలే కాయిల్ లాగేది చాలా తక్కువ కరెంటు, 21 వాట్ల బల్బు దానికి పదింతలు లాగుతుంది, ఈసీఎం లోపల రిలేని నడిపే సర్క్యూట్ కాలిపోతే రిలే రిపేరు కాస్తా ఈసీఎం రిపేరు అవుతుంది. ఇంకోటి, సాకెట్ కన్నాల్లోకి లావుపాటి మొనలు దూర్చి వెడల్పు చెయ్యొద్దు, తర్వాత రిలే కాళ్ళు వదులుగా కూర్చుని గతుకుల్లో పంపు ఆగి ఆగి నడుస్తుంది.

పంపుకి డైరెక్ట్ ఇచ్చి చూడొచ్చా?

రిలే తీసీసి, సాకెట్లో 30నీ 87నీ ఒక వైరుతో కలిపితే పంపు తిన్నగా నడవాలి. ఆ వైరులో 15 యాంపియర్ల ఫ్యూజు తప్పకుండా ఉండాలి, ఉత్త వైరు ముక్కో పిన్నీసో పెట్టి కలపడం మన దగ్గర చాలా షెడ్లలో చూస్తాం, వైరింగ్‌లో షార్ట్ ఉంటే ఆ ముక్క ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. పెట్రోలు వాసన వస్తుంటే ఈ టెస్టు అసలు చెయ్యొద్దు. డైరెక్ట్‌లో పంపు నడిస్తే పంపూ, పంపు వైరూ, ఎర్తూ మంచివి, రిలే వైపు చూడండి. నడవకపోతే వెనక్కి వెళ్ళాలి, పంపు కప్లర్ (వైర్లు పంపుకి తగిలించే ప్లగ్గు) దగ్గరకి.

డైరెక్ట్ ఇచ్చి బండి నడిపీసుకుని ఇంటికెళ్ళొచ్చా అని అడుగుతుంటారు. అలగ నడిపితే యాక్సిడెంట్ అయినా పంపు ఆగదు, పెట్రోలు కొడుతూనే ఉంటుంది. రోడ్డు పక్కకి తీసుకోవడానికైతే సరే, అంతకుమించి వద్దు.

పంపు కప్లర్ దగ్గర మీటర్‌లో 12 ఓల్టులు వస్తున్నాయి, పంపు నడవట్లేదు. పంపు పోయినట్టేనా?

ఇంకా చెప్పలేం, ఎక్కువ పంపులు ఊరికే మార్చీసేది ఇక్కడే. మల్టీమీటర్ కరెంటు దాదాపు ఏమీ లాగదు, అందుకని వైరులో ఒక్క పోగు మిగిలున్నా, కప్లర్ లోపల పచ్చగా తుప్పు పట్టి ఉన్నా మీటర్‌లో 12 చూపిస్తుంది. పంపుకి కావాల్సింది నాలుగైదు యాంపియర్లు, ఆ ఒక్క పోగు మీద అంత రాదు. కుళాయికి వేలు అడ్డం పెట్టినప్పుడు నీళ్ళు కారకుండా ప్రెషర్ ఉన్నట్టే ఉంటుంది చూసేరా, అలాంటిదే.

దానికి మంచి మందు పాత హెడ్‌లైట్ బల్బు. 55 వాట్ల బల్బు 12 ఓల్టుల మీద నాలుగున్నర యాంపియర్లు లాగుతుంది, అంటే పంపు లాగేదానికి దగ్గర. వెనక సీటు ఎత్తితే చాలా బళ్ళలో రేకు మూత ఉంటుంది, దాని కింద పంపు కప్లర్, అందులో సాధారణంగా రెండు లావు వైర్లు పంపువి, సన్నవి ఫ్యూయల్ గేజ్ ఫ్లోట్‌వి. కప్లర్ పీకి ఆ రెండు లావు వైర్ల మధ్య బల్బు కలిపి, బల్బుని టాంకుకి దూరంగా పట్టుకుని, కనెక్షన్లు అన్నీ ముందే బిగించి ఆఖర్న కీ ఆన్ చేయించండి. రెండు మూడు సెకన్లు తెల్లగా ధగధగా వెలిగితే కరెంటు పూర్తిగా వస్తుంది, అప్పుడు పంపు పోయిందని నిక్కచ్చిగా చెప్పొచ్చు. ఎర్రగా, నీరసంగా వెలిగితే వైరు గాని కప్లర్ గాని ఎర్త్ గాని దెబ్బతిన్నట్టు, పంపు జోలికి వెళ్ళకండి.

కొన్ని బళ్ళలో సీటు కింద మూత ఉండదు, టాంకు దించాలి. అలాంటి బండికి టాంకు దించేముందు రిలే దగ్గర టెస్టులన్నీ పూర్తి చేయమని మెకానిక్‌ని గట్టిగా అడగండి, ఎందుకంటే టాంకు దించిన కూలీ ఎలాగూ మీదే.

ఎర్త్ పోయిందా లేదా ఎలగ చూడాలి?

బల్బు నీరసంగా వెలిగినప్పుడు, బల్బు ఎర్త్ వైపు వైరు తీసి బాడీ మీద శుభ్రంగా గీకిన చోటో, బ్యాటరీ మైనస్‌కి లాగిన పొడుగు వైరుకో కలపండి, ధగధగా వెలిగితే ఎర్తే పోయింది. ఆ నల్ల వైరు బాడీకి బోల్టు వేసిన చోటు వెతికి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోతుంది. మీటర్‌తో చూసేవాళ్ళు పంపు నడుస్తుండగా, పంపు ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి, 0.2 ఓల్టుల లోపు ఉండాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కేక ఆగిపోతుంది, అరగంట పోయేక మళ్ళీ అందుకుంటుంది. ఏటిది?

వేసవిలో పలాస నుంచో రాజాం నుంచో మధ్యాహ్నం బయల్దేరినవాళ్ళు ఎక్కువగా చెప్పే కంప్లైంట్ ఇది. దీనికి ఇద్దరు ముద్దాయిలు: పంపు మోటారు, క్రాంక్ సెన్సార్. ఇద్దరూ వేడికి చచ్చి చల్లబడితే బతుకుతారు. షెడ్డుకి చేరేటప్పటికి బండి బాగుంటుంది, మెకానిక్ "ఏం లేదండీ" అంటాడు, మళ్ళీ రణస్థలం దాటేసరికి ఆగిపోతుంది.

తేల్చే పద్ధతి ఒక్కటే, బండి ఆగిపోయిన ఆ నిమిషంలో, చల్లబడకముందే చూడాలి. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే పంపు సౌండ్ వస్తుందా? రాకపోతే పంపు వైపు. పంపు సౌండ్ వస్తుంది, సెల్ఫ్ కొడితే ఆర్పీఎం ముల్లు లేవట్లేదు అంటే క్రాంక్ సెన్సార్ వైపు. ఇది రాసుకుని మెకానిక్‌కి చెప్పండి, ఆయనకి అరపూట పని తగ్గుతుంది. మెయిన్ రిలే కూడా ఇలగే వేడికి వదిలేస్తుంటుంది, అప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలగదు, పైన చెప్పినట్టే.

టాంకు కింద కొడితే స్టార్ట్ అయిపోయింది. ఇంక పర్వాలేదా?

పర్వాలేదు కాదు. పంపు మోటారులో బ్రష్షులు అరిగిపోయి ఒకచోట ఆగిపోతే, కింద నుంచి చేత్తోనో రబ్బరు సుత్తితోనో కొట్టినప్పుడు కదిలి నడుస్తుంది. ఇల్లు చేరడానికి అదృష్టం, అంతే, ఆ పంపు ఇంక నమ్మదగ్గది కాదు. ఎప్పుడూ రిజర్వ్‌లోనే బండి తిప్పేవాళ్ళకి పంపులు తొందరగా పోతాయి, పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి. పావు టాంకు ఎప్పుడూ ఉంచండి.

ఫైనాన్స్ వాళ్ళు జీపీఎస్ పెట్టేరు, అప్పట్నుంచి ఒక్కోసారి స్టార్ట్ అవ్వట్లేదు.

టాక్సీ తిప్పే తమ్ముళ్ళు ఎక్కువ అడుగుతారు. దూరం నుంచి బండి ఆపగలిగే జీపీఎస్, దొంగతనం అలారం, ఇవన్నీ పంపు వైరునో ఇగ్నిషన్ వైరునో మధ్యలో కోసి వాటి రిలే ఒకటి కలుపుతాయి. ఆ అతుకు చాలాసార్లు వైరు మెలేసి టేపు చుట్టినదే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి టేపు జిగురు కారిపోయి వదులవుతుంది. డాష్‌బోర్డు కింద, స్టీరింగ్ దగ్గర కంపెనీది కాని టేపు చుట్టిన చోటల్లా పట్టుకుని కొంచెం కదిపి చూడండి, కదిపినప్పుడు పంపు నడుస్తూ ఆగుతూ ఉంటే దొరికినట్టే. అతుకు సోల్డరింగ్ చేయించి మంచి స్లీవ్ వేయించండి. లోను ఉండగా ఆ డబ్బా పీకెయ్యడం వేరే తలనొప్పి, పెట్టినవాళ్ళనే పిలిపించి సరిచేయించుకోండి.

ఎలకలు వైర్లు కొరికీసేయి. ఎక్కడెక్కడ చూడాలి?

వరి కోతలు అయిపోయేక పొలంలో ఎలకలన్నీ ఊళ్ళోకి వస్తాయి, సంక్రాంతికి వచ్చిన పిల్లలు కారు తీద్దామంటే అందుకోదు, మన రెండు జిల్లాల్లోనూ ఏటా ఉన్నదే. బానెట్ కింద ఇంజెక్టర్ల వైరింగ్, క్రాంక్ సెన్సార్ వైరు, ఆక్సిజన్ సెన్సార్ వైరు ముందు చూడండి, తర్వాత వెనక సీటు ఎత్తి టాంకు మీద చూడండి, అక్కడ గడ్డీ దూదీ పోగేసి గూడు పెడతాయి. పైన ప్లాస్టిక్ పైపు బాగున్నా కింది వైపు కొరికి ఉంటుంది, అద్దం పెట్టి చూడాలి. టాంకు మీద వైరు కొరికుంటే పెట్రోలు రబ్బరు పైపు కూడా కొరికిందేమో చూడకుండా కీ ఆన్ చెయ్యకండి.

కొరికిన వైర్లు అతికేటప్పుడు అదే లావు వైరు వెయ్యాలి, సన్నది వేస్తే పంపుకి కరెంటు చాలదు. పొగాకు కాడలు పెడితే రావంటారు, వాసన ఉన్న నాలుగు రోజులు పనిచేస్తుంది, అంతకన్నా రోజు విడిచి రోజు బండి తీసి ఓ పది నిమిషాలు తిప్పడం, రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచడం మేలు.

మాది కళింగపట్నం వైపు. రిలేలు, ఫ్యూజులు ఊరికే తుప్పు పడుతున్నాయి.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, బారువ నుంచి చింతపల్లి దాకా తీరం పొడుగునా ఇదే బాధ. ఫ్యూజు కాళ్ళకి తెల్లటి బూడిదలాగ, రాగికి పచ్చటి చిలుములాగ పడుతుంది. బ్యాటరీ మైనస్ తీసీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఫ్యూజులు నాలుగైదుసార్లు పెట్టి తియ్యండి. ఫ్యూజు బాక్సు మూత రబ్బరు చినిగిపోతే అది మార్చుకోండి, చవకది, కానీ చాలా కాపాడుతుంది.

వరద నీట్లో మునిగిన బండి సంగతి వేరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర దాటినప్పుడు లోతట్టు ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గెడ్డ పొంగి సీటు దాకా నీళ్ళొచ్చిన బండికి కీ తిప్పొద్దు, ముందు బ్యాటరీ మైనస్ తీసీయండి. కార్పెట్ కింద నడిచే వైరింగ్ కప్లర్లన్నీ విప్పి ఆరబెట్టించాలి, అప్పటికి బండి నడిచినా, లోపల మిగిలిన నీరు నెలా రెండు నెల్ల తర్వాత పచ్చటి తుప్పై పంపు వైరుని తినేస్తుంది. మునిగిన బండి కొనేవాళ్ళు వెనక సీటు ఎత్తి ఆ కప్లర్ చూసి కొనండి.

చిన్న గుద్దు తగిలింది, దెబ్బ ఏం లేదు, కానీ స్టార్ట్ అవ్వట్లేదు?

పాత ఫియట్, ఫోర్డ్ బళ్ళలో కొన్నిటికి ఇనర్షియా స్విచ్ అని ఉంటుంది, గుద్దు తగిలితే పంపు కరెంటు కట్ చేస్తుంది. మాన్యువల్‌లో ఎక్కడుందో రాసి ఉంటుంది, పైన బటన్ నొక్కితే మళ్ళీ కలుస్తుంది. నొక్కే ముందు కింద పెట్రోలు కారుతుందేమో చూడండి. పెద్ద గొయ్యిలో దిగినా ఒక్కోసారి పడిపోతుంది.

డీజిల్ బండికీ ఇవే టెస్టులా?

కొన్నే. కామన్ రైల్ డీజిళ్ళలో (ఇంజెక్టర్లన్నిటికీ రైల్ అనే ఒకే పైపు నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ వెళ్ళే బళ్ళలో) కొన్నిటికి టాంకులో కరెంటు పంపు ఉంటుంది, కొన్నిటికి ఉండదు, ఇంజన్ మీద పంపే లాక్కుంటుంది, కాబట్టి సౌండ్ రాలేదని పోయిందనుకోవద్దు. రైల్లో సుమారు 200 బార్ ప్రెషర్ వస్తేగానీ చాలా బళ్ళలో ఈసీఎం ఇంజెక్టర్లు తెరవదు. స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చూడాలి, అది లేకుండా డీజిల్‌లో గుడ్డిగా వెతకడమే. ప్రెషర్ సెన్సార్ కప్లర్, మీటరింగ్ వాల్వ్ కప్లర్ వదులైనా ఇదే ట్రబుల్, ముందు అవి పీకి పెట్టి చూడండి. ఫిల్టర్ మార్చిన వెంటనే వచ్చిన ట్రబుల్ అయితే అది కరెంటు కాదు, గాలి పట్టింది.

ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టించడం పాత బళ్ళ అలవాటు, కామన్ రైల్‌లో అలగ చేస్తే వందల బార్ ప్రెషర్‌తో డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి తీసేయాల్సి రావొచ్చు. ఎవరు చేస్తున్నా ఆపండి. మెకానికల్ పంపున్న పాత డీజిళ్ళకైతే పంపు మీద స్టాప్ సోలెనాయిడ్ (కీ ఆఫ్ చేస్తే డీజిల్ ఆపే కరెంటు వాల్వ్) ఉంటుంది, కీ ఆన్ చేస్తే దానికి 12 ఓల్టులు వచ్చి "టక్" మనాలి, అనకపోతే దాని వైరు చూడండి, సాలూరు లారీ షెడ్లలో ఏ కుర్రాడైనా క్షణంలో చూసి చెప్తాడు.

పంపు నడుస్తుంది, ప్రెషర్ కూడా ఉందన్నారు, అయినా అందుకోదు?

అప్పుడు పెట్రోలు లోపలికి వెళ్తుందా, స్పార్కు ఉందా అని విడదీయాలి. పెట్రోలు బండి అయితే ఎయిర్ పైపు తీసి థ్రాటిల్ క్లీనర్ కొంచెం, ఒక్క సెకను, కొట్టి, పైపు పెట్టీసి, సెల్ఫ్ కొడితే రెండు సెకన్లు అందుకుని ఆగిందనుకోండి, స్పార్కు ఉంది, పెట్రోలు రావట్లేదు. అప్పుడు ఇంజెక్టర్ కప్లర్లు చూడాలి. ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య చాలా బళ్ళలో 12 నుంచి 16 ఓమ్‌లు వస్తుంది. నాలుగిటికీ ఒకేసారి కరెంటు పోతే ఇంజెక్టర్లు కాదు, వాటికి వచ్చే ఫ్యూజు. ఈ స్ప్రే టెస్టు డీజిల్‌కి చెయ్యొద్దు, హీటర్ ప్లగ్గులు వేడిగా ఉంటే అక్కడే పేలుతుంది.

లైన్ ప్రెషర్ చాలా పెట్రోలు బళ్ళలో 3 నుంచి 4 బార్ ఉండాలి. గేజ్ పెట్టడానికి పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి రెండుసార్లు సెల్ఫ్ కొట్టి ప్రెషర్ దించుకోండి, లేకపోతే మొహం మీద పడుతుంది. మరీ ఎక్కువసార్లు సెల్ఫ్ కొట్టి పెట్రోలు వాసన వస్తుంటే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి, చాలా బళ్ళలో అప్పుడు ఇంజెక్టర్లు ఆగి లోపలున్నది ఆరుతుంది.

స్కానర్ పెడితే అన్నీ అదే చెప్పేస్తుంది కదా?

చెప్పదు, ఎటు వెతకాలో చెప్తుంది. స్కానర్‌లో పీ0335 అనే ఫాల్టు కోడ్ వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పీ0230, పీ0627 వస్తే పంపు కంట్రోల్ సర్క్యూట్, పీ0087 వస్తే రైల్ ప్రెషర్ తక్కువ. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు, దాని వైరూ కప్లరూ కూడా, కోడ్ చూసి పార్టు మార్చడమంటే మళ్ళీ గుడ్డిగా డబ్బు పెట్టడమే. ఫ్యూజు పోయినా, పంపు బ్రష్షులు అరిగినా చాలా పెట్రోలు బళ్ళలో ఏ కోడూ రాదు. స్కానర్ అసలు కనెక్టే కాకపోతే అదీ ఒక సమాచారమే, ఈసీఎంకి కరెంటూ ఎర్తూ ముందు చూడాలి.

రాత్రి హైవే మీద ఆగిపోయింది, ఏం చెయ్యాలి?

బండి పూర్తిగా ఎడమకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ వెనక బాగా దూరంగా పెట్టి, మనుషులు బండిలో కూర్చోకుండా రెయిలింగ్ అవతలకి వెళ్ళండి. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033. పంపు నడవని బండిని తోసి స్టార్ట్ చెయ్యలేరు, ఊరికే ఆయాసం.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే "అన్నా, బండి ఆగిపోయింది" అని ఊరుకోకుండా ఇలగ చెప్పండి: "అన్నా, సెల్ఫ్ బాగా తిరుగుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, కీ ఆన్ చేస్తే పంపు సౌండ్ లేదు, హారన్ రిలే పెట్టి చూసేను, తేడా లేదు." ఇంతమాత్రం చెప్తే ఆయన ఏ సామాను పట్టుకుని రావాలో తెలుస్తుంది, చీపురుపల్లి నుంచి వచ్చి మళ్ళీ వెనక్కెళ్ళే పని ఉండదు.

కొత్త పంపు వేసేరు, సౌండ్ కూడా వస్తుంది, అయినా స్టార్ట్ అవ్వట్లేదు!

పంపు వైర్లు తిరగేసి కలిపేరేమో చూడండి. కంపెనీ అసెంబ్లీ మొత్తం మార్చితే ఈ బాధ రాదు, లోపలి మోటారు ఒక్కటే మార్చి పాత వైర్లు అతికినప్పుడు వస్తుంది. ప్లస్, మైనస్ తిరగబడితే మోటారు వెనక్కి తిరుగుతుంది, సౌండ్ చేస్తుంది, ప్రెషర్ మాత్రం రాదు. రెండోది, టాంకు లోపల పంపుకీ మూతకీ మధ్య చిన్న పైపు ఉంటుంది, క్లిప్పు సరిగ్గా పడకపోతే పెట్రోలు తిరిగి టాంకులోనే పడిపోతుంది. గేజ్ పెట్టి ప్రెషర్ చూస్తే ఈ రెండూ బయటపడతాయి. పాత పంపు షెడ్డులో వదిలెయ్యకుండా అడిగి తీసుకుని, బయట గాలిలో, పెట్రోలు ఆరిపోయేక, బ్యాటరీకి దూరంగా నిలబడి పొడుగు వైర్లతో ఒక్క సెకను కరెంటు ఇచ్చి చూడండి. అది గట్టిగా తిరిగిందంటే పాత పంపు మంచిదే, అసలు ట్రబుల్ ఇంకా బండిలోనే ఉంది, హెడ్‌లైట్ బల్బు పట్టుకుని కప్లర్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టమనండి.